రాగిరేకుకెక్కిన తాళ్ళపాక పాట

తండ్రి పోయాక ఆయన పాటలను కొడుకు ఏం చేశాడు?
నాలుగు వందల ఏళ్ళు అరలో నిద్రపోయిన ఆస్తి

రాజంపేట: కడప నుంచి తిరుపతికి బస్సులో పోయేవారికి రాజంపేట దగ్గర రోడ్డు పక్కన 108 అడుగుల విగ్రహం కనిపిస్తుంది. బస్సులోని పెద్దలు చేతులు జోడిస్తారు. పిల్లలు అన్నమయ్య, అన్నమయ్య అని వేలు చూపిస్తారు. ఆయన పుట్టిన తాళ్ళపాక అక్కడికి దగ్గరే. ఆయన పాట తెలియని ఇల్లు ఈ సీమలో లేదంటే తప్పు కాదు. అయితే వంద ఏళ్ళ కిందట ఇదే తాళ్ళపాకలో నిలబడి అన్నమయ్య పాటలు వేల సంఖ్యలో ఉన్నాయని ఎవరైనా చెప్పి ఉంటే, నమ్మేవారు కొద్దిమందే ఉండేవారు. ఆ పాటలు అప్పటికి తిరుమల గుడిలో ఒక రాతి అరలో రాగిరేకుల మీద ఉన్నాయి. పాడే గొంతు మాత్రం లేదు.

మనిషి పోయాక పొలం ఎవరిది, ఇల్లు ఎవరిది అని పెద్దమనుషులు కూర్చుని తేలుస్తారు. పాట ఎవరిది, దాన్ని ఏం చేయాలి అని ఎవరూ కూర్చోరు. తాళ్ళపాక వారి ఇంట్లో అయిదు వందల ఏళ్ళ కిందటే ఆ ఆలోచన జరిగింది. అన్నమయ్య జీవితంతో పాటు ఆ ఆలోచన కథ కూడా తెలుసుకోదగింది.

గడ్డి కోయడానికి పోయి గోవిందుడి దారి పట్టాడు

అన్నమయ్య 1408లో తాళ్ళపాకలో పుట్టాడు. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఆ కాలంలో ఈ ప్రాంతాన్ని పొత్తపినాడు అనేవారు. ఊరి చెన్నకేశవస్వామి ఆ ఇంటివారికి ఇలవేలుపు. అన్నమయ్య జీవితాన్ని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాశాడు. చిన్నన్న అసలు పేరు చినతిరువేంగళనాథుడు. ద్విపద రాయడంలో ఆయనకు పెట్టింది పేరు. మనకు తెలిసిన కథలన్నిటికీ చాలావరకు ఆ పుస్తకమే మూలం.

చిన్నన్న చెప్పిన ప్రకారం అన్నమయ్య చిన్నప్పటి నుంచే పాట తప్ప పని పట్టని పిల్లవాడు. అది ఉమ్మడి సంసారం. ఇంట్లో వాళ్ళు కసిరి పశువులకు గడ్డి కోసుకు రమ్మని పంపారు. కొడవలికి చిటికెన వేలు తెగింది. ఆ నొప్పిలో ఉండగా దారిన తిరుపతి యాత్రికుల గుంపు గోవిందనామం చెప్పుకుంటూ పోతోంది. పిల్లవాడు కొడవలి అక్కడే వదిలి గుంపులో కలిశాడు. అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్ళని చెబుతారు.

తిరుపతి చేరి తాతయ్యగుంట గంగమ్మకు మొక్కి కొండ ఎక్కాడు. మోకాళ్ళపర్వతం దగ్గర ఆకలితో సొమ్మసిల్లి వెదురు పొదల నీడన పడుకున్నాడు. చెప్పులతో ఎక్కుతున్నావు బిడ్డా అని అలమేలుమంగమ్మే పెద్దముత్తయిదువ రూపంలో వచ్చి మందలించి, ప్రసాదం పెట్టి లేపిందని కథ. ఆ తల్లి మీద అక్కడే ఒక శతకం చెప్పాడంటారు. కొండమీద ఘనవిష్ణువు అనే వైష్ణవ గురువు ఆయనకు ముద్రలు వేసి వైష్ణవంలో చేర్చుకున్నాడు.

తల్లి వెతుక్కుంటూ కొండకు వచ్చి ఇంటికి తీసుకుపోయింది. తిమ్మక్క, అక్కలమ్మ అనే ఇద్దరితో పెళ్ళి జరిగింది. ఈ తిమ్మక్కే సుభద్రా కల్యాణం రాసిన తాళ్ళపాక తిమ్మక్క. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెను చెప్పుకుంటారు. ఆ తరువాత అన్నమయ్య అహోబిలం వెళ్ళి శఠగోపయతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు.

రాజు మీద పాడనన్నాడు

పొత్తపినాట టంగుటూరులో సాళువ నరసింహరాయలు అప్పట్లో చిన్న పాలకుడు. అన్నమయ్య పాట విని దగ్గరకు తీశాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. కాలం కలిసివచ్చి నరసింహుడు పెద్దవాడయ్యాడు. 1485లో విజయనగర సింహాసనం కూడా ఎక్కాడు.

ఒకనాడు కొలువులో అన్నమయ్య అలమేలుమంగమ్మ మీద ఒక శృంగార పదం పాడాడు. రాజు ముచ్చటపడి తన మీద కూడా అలాంటిది ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని పొగిడిన నోటితో నరుణ్ణి పొగడనన్నాడు. రాజుకు కోపం వచ్చి సంకెళ్ళు వేయించాడు. అన్నమయ్య స్వామిని తలచి పాడగా సంకెళ్ళు ఊడిపడ్డాయని, రాజు కాళ్ళమీద పడ్డాడని చిన్నన్న రాశాడు. సంకెళ్ళ మాట నమ్మేవారు నమ్మవచ్చు, మానేవారు మానవచ్చు. ఒకటి మాత్రం నిజం. తన పాట ఎవరి సొత్తు అన్న విషయంలో ఆయనకు ఎప్పుడూ అనుమానం లేదు. అది తనది కాదు, రాజుది కాదు, కొండమీది స్వామిది. చనిపోయాక ఆ పాటలు ఎక్కడికి చేరాలన్నది ఆ రోజే తేలిపోయిందని చెప్పవచ్చు.

ఆ తరువాత ఆయన తిరుమలలోనే ఎక్కువగా ఉన్నాడు. కన్నడ దేశపు పురందరదాసు కొండకు వచ్చి ఆయనను చూసి గౌరవించాడని కూడా చిన్నన్న చెప్పాడు.

రోజుకొక పాట

అన్నమయ్య పదహారో ఏట, అంటే 1424లో, స్వామి ప్రత్యక్షమయ్యాడని, అప్పటి నుంచి పాటలు చెప్పడం మొదలుపెట్టాడని రాగిరేకు మీద రాసి ఉంది. 1503లో దుందుభి నామ సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు కన్నుమూశాడు. ఏటా ఆ తిథికి వర్ధంతి జరుపుతారు. ఆయన మొత్తం 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రసిద్ధి. 79 ఏళ్ళలో 32 వేలంటే రోజుకు ఒకటి పైనే పడుతుంది. కోతలకాలం లేదు, పండుగ లేదు, జ్వరం లేదు, ప్రతి రోజూ స్వామికి ఒక పాట.

పాటలు కాకుండా పన్నెండు శతకాలు, ద్విపద రామాయణం, సంస్కృతంలో వేంకటాచల మాహాత్మ్యం, పాట ఎలా కట్టాలో చెప్పే సంకీర్తన లక్షణం, శృంగారమంజరి రాశాడు. వీటిలో మనకు దక్కింది వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. పన్నెండు శతకాల్లో ఒకటి మిగిలింది. ద్విపద రామాయణం పోయింది. ఎందుకు పోయాయంటే అవి తాటాకుల మీదే ఉండిపోయాయి. తాటాకుకు చెద ఉంది, చెమ్మ ఉంది, పొయ్యి ఉంది. రెండు మూడు తరాలకొకసారి ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీద ఎక్కించకపోతే పాత ఆకు పొడి అవుతుంది. రాగికి ఎక్కినవి మాత్రం నిలిచాయి.

చివరి రోజుల్లో అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యుడిని పిలిచి, తన తరువాత రోజుకు ఒక్క పాటకు తక్కువ కాకుండా స్వామికి చెప్పమని మాట తీసుకున్నాడని చెబుతారు. ఆయన విడిచిపోయిన వీలునామా అదొక్కటే అనుకోవచ్చు. పొలం గురించి కాదు, బంగారం గురించి కాదు, పాట ఆగకూడదన్నదే ఆయన చివరి కోరిక.

కొడుకు చేసిన ఏర్పాట్లు

పెదతిరుమలాచార్యుడు అక్కలమ్మ కొడుకు. తండ్రి మాట నిలబెట్టాడు. తానూ వేల కొద్దీ పాటలు చెప్పాడు. వైరాగ్య వచనమాలిక, నీతిసీస శతకం వంటివి రాశాడు. తండ్రికీ కొడుకుకూ తేడా ఏమిటంటే కొడుక్కు చేతిలో డబ్బు ఉంది, లోకజ్ఞానం ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529 నుంచి 1542 వరకు, ఆయనకు మంచి పలుకుబడి ఉండేది. రాజుల నుంచి గ్రామాలు వచ్చాయి. ఆ రాబడిని స్వామి నైవేద్యాలకు, ఉత్సవాలకు తిరిగి సమర్పించినట్టు తిరుమల శాసనాలు చెబుతున్నాయి.

ఆ ధనం ఉండబట్టే తండ్రి పాటలను రాగిరేకుల మీద చెక్కించగలిగాడు. ఇది మాటలంత తేలిక పని కాదు. అంత రాగి కావాలి. దాన్ని సాగగొట్టి రేకు చేసే కంచరి కావాలి. తప్పు లేకుండా అక్షరం చెక్కే పనివాడు కావాలి. చెక్కినదాన్ని పాట తెలిసినవాడు చదివి సరిచూడాలి. ఒక్కో రేకు మీద సాధారణంగా ఆరు పాటలు. అలాంటి రేకులు రెండు వేలకు పైగా దొరికాయంటే ఎన్నేళ్ళు సుత్తి మోత మోగిందో ఊహించుకోవచ్చు.

పాటలను కలగాపులగంగా చెక్కించలేదు. భక్తి, వైరాగ్యం చెప్పే అధ్యాత్మ సంకీర్తనలు ఒకవైపు, స్వామికీ అమ్మవారికీ మధ్య ముచ్చట్లు చెప్పే శృంగార సంకీర్తనలు మరోవైపు వేరు చేశారు. ప్రతి పాట తల మీద రాగం పేరు వేశారు. సామంతం, ముఖారి, బౌళి, పాడి, గుండక్రియ, సాళంగనాట, ఆహిరి, ఇలా. తండ్రివి తండ్రి పేరున, కొడుకువి కొడుకు పేరున ఉన్నాయి. ఎవరి పాట ఏదో అన్న తగువు తరువాతి వారికి లేకుండా చేశారు.

తరువాత ఎక్కడ పెట్టాలన్న ఆలోచన. ఇంట్లో పెట్టుకోవచ్చు. ఇంట్లో పెడితే కొడుకులకు, మనుమలకు పంచాలి. పదెకరాల చేను అయిదుగురికి పంచితే తలా రెండెకరాలు వస్తుంది. పాటల కట్ట అయిదుగురికి పంచితే ఎవరికీ పాట మిగలదు. పెదతిరుమలాచార్యుడు వాటిని స్వామి ఇంట్లోనే పెట్టాడు. తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా, భాష్యకారుల సన్నిధి పక్కన చిన్న రాతి అర ఉంది. అదే సంకీర్తన భండారం. తాళ్ళపాక అర అని కూడా అంటారు. దానికి రెండు వైపులా గోడ మీద అన్నమయ్య, పెదతిరుమలయ్య బొమ్మలు చెక్కి ఉన్నాయి. శాసనాలలో కూడా సంకీర్తన భండారం పేరు కనబడుతుంది. భండారం అంటే సొమ్ము దాచే చోటు. స్వామి నగలు ఒక భండారంలో, స్వామి పాటలు ఒక భండారంలో. పాటను నగతో సమానంగా చూశారన్నమాట.

మనుమలు కూడా తమ వంతు చేశారు. అన్నమయ్య సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని మనుమడు చినతిరుమలాచార్యుడు తెలుగు చేశాడు. అసలు పుస్తకం ఇప్పుడు లేదు. తెలుగు చేసింది ఉంది కాబట్టే తాత ఏమి చెప్పాడో తెలుస్తోంది. ఇంకొక మనుమడు చిన్నన్న జీవితకథ రాశాడు. ఒకరు పాటను కాపాడారు, ఒకరు పాట కట్టే పద్ధతిని కాపాడారు, ఒకరు పాడినవాడి కథను కాపాడారు. మూడు తరాల ఈ శ్రమ లేకపోతే అన్నమయ్య పేరు ఒక కథగా మాత్రమే మిగిలి ఉండేది.

ఒక్కటి మాత్రం చేయలేకపోయారు

ఇంత ముందుచూపు ఉన్నవారికి కూడా ఒక్కటి సాధ్యం కాలేదు. రాగం పేరు రాగికి ఎక్కింది కానీ వరస ఎక్కలేదు. స్వరాలు రాసి పెట్టే అలవాటు ఆనాటి పాటగాళ్ళలో లేదు. వరస అంటే గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి పోవలసిందే. పాడేవాళ్ళు ఇంటి నిండా ఉన్న రోజుల్లో వరస పోతుందన్న భయం ఎవరికి ఉంటుంది?

1565లో తళ్ళికోట యుద్ధంతో విజయనగరం కూలింది. రాజుల అండ పోయింది. ఈ సీమ గోల్కొండ వారి చేతికి, ఆ తరువాత నవాబుల చేతికి, 1800 ప్రాంతంలో కుంఫిణీ వారి చేతికి పోయింది. తిరుమల గుడి నిర్వాహకం 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు వచ్చింది. పరిపాలన మారినప్పుడల్లా పాత మర్యాదలు కొన్ని తగ్గాయి. తాళ్ళపాక వారికి గుడిలో సేవ మిగిలింది. రాత్రి ఏకాంతసేవలో స్వామికి తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వెంగమాంబ ముత్యాలహారతి అన్న వాడుక కొండమీద నిలిచే ఉంది. అయితే లాలి ఒక్కటి నిలిస్తే చాలదు కదా. అరలోని వేల పాటలు చదివేవారు లేక, పాడేవారు లేక మూగబోయాయి.

అర లోపల ఏముందన్న సంగతే జనం మరిచిపోయారు. మద్రాసులో కుంఫిణీ ఉద్యోగి ఏ.డి. క్యాంబెల్ అనే దొర 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. తిరుపతి కొండమీద వేల రాగిరేకులు ఉన్నాయని విని, వాటిలో పనికివచ్చే గ్రంథాలు ఉంటాయేమోనని ఆయన ఒక మనిషిని పంపించాడు. ఆ మనిషి చూసి వచ్చాడు. ఒక వ్యాకరణ గ్రంథానికి నకలు తీసుకున్నారు. మిగిలినవన్నీ దేవుడి పాటలేనని తెలిసి దొర ఆశ వదులుకున్నాడు. వెతుకుతున్నది వ్యాకరణం కాబట్టి చేతికి అందిన నిధి ఆయన కంటికి ఆనలేదు. రేకులు మళ్ళీ చీకట్లోకి పోయాయి. ఇంకొక వంద ఏళ్ళు గడిచాయి.

పెదతిరుమలాచార్యుడు గుడిలో పెట్టడం వల్లనే అవి దొంగల పాలు, పంపకాల పాలు కాకుండా మిగిలాయి. గుడిలో తలుపు వేసి పెట్టడం వల్లనే జనం నోటికి దూరమయ్యాయి. ఒకే పని మేలూ చేసింది, కీడూ చేసింది.

తలుపు తెరిచినవారు

1922 ప్రాంతంలో దేవస్థానం శాసనాలను పరిశీలించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి చొరవతో ఈ రేకులు అర దాటి కొండ దిగాయి. 1930ల నుంచి దేవస్థానం వారు పాటలను అచ్చు వేయడం మొదలుపెట్టారు. కృష్ణాజిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి తిరుపతి చేరి ఈ పనిని తలకెత్తుకున్నారు. చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రను 1940ల చివర పెద్ద పీఠికతో వెలుగులోకి తెచ్చారు. అప్పటికి గాని అన్నమయ్య ఎవరు, ఎప్పటివాడు, ఏమి చేశాడు అన్నది పండితులకైనా స్పష్టంగా తెలియలేదు. ప్రభాకరశాస్త్రి 1950లో కాలం చేశారు.

ఆ తరువాత అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆ బరువు ఎత్తుకున్నారు. ఆయన మైసూరులో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పినవారు. సాహిత్యం, సంగీతం రెండూ తెలిసినవారు. రేకు మీద అక్షరాలు ఎడం లేకుండా వరసగా ఉంటాయి. ఎక్కడ మాట విరగాలో, ఎక్కడ చరణం ఆగాలో పాట తెలిసినవాడే చెప్పగలడు. పైగా అన్నమయ్య మాట పండితుల మాట కాదు. పొలంలో, సంతలో, పెరట్లో వాడే రాయలసీమ మాట. సీమలో పుట్టిన శర్మగారికి ఆ మాటలు కొత్త కాదు. రేకులను చదివి, పరిష్కరించి సంపుటాలుగా తెచ్చారు. వందకు పైగా పాటలకు తానే వరసలు కట్టారు. 1979లో ఆయన కన్నుమూశారు.

1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. నేదునూరి కృష్ణమూర్తి, బాలాంత్రపు రజనీకాంతరావు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి వారు పాటలకు వరసలు కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతుతో గ్రామఫోన్ రికార్డులు వచ్చాయి. ఆ తరువాత క్యాసెట్లు వచ్చాయి. గుడి మైకుల్లో, పెళ్ళిపందిళ్ళలో, టీకొట్లలో అన్నమయ్య వినబడ్డాడు. 1997లో వచ్చిన అన్నమయ్య సినిమా ఆ పేరును సినిమా చూసే ప్రతి పల్లెకూ చేర్చింది. 2022లో ఏర్పడిన కొత్త జిల్లాల్లో ఒకదానికి ఆయన పేరే పెట్టారు.

అయితే చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఇవాళ మనం వింటున్న వరసల్లో దాదాపు అన్నీ 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. మాట అన్నమయ్యది, వరస వారిది. విద్వాంసులు రేకు మీది రాగం పేరు చూసుకుని కొన్ని కట్టారు. వాడుకలో లేని రాగాలకు వేరే రాగాలు వాడారు. వారి శ్రమ గొప్పది. అయినా తిరుమల మాడవీధుల్లో అన్నమయ్య తంబుర మీటి ఏ వరసలో పాడాడో ఆ వరస మాత్రం ఆయనతో పాటు, ఆయన ఇంటి గొంతులతో పాటు మట్టిలో కలిసింది.

లెక్క చూస్తే

32 వేలలో ఇప్పటికి దొరికిన అన్నమయ్య పాటలు పన్నెండు వేలకు పైన. మూడింట ఒక వంతు దాటి దక్కాయి. అయిదు వందల ఏళ్ళు, ఒక సామ్రాజ్యం కూలడం, నాలుగు చేతులు మారిన పరిపాలన దాటి ఇన్ని దక్కడం చిన్న విషయం కాదు. ఇది రాజు చేసిన పని కాదు. ఒక కొడుకు తండ్రి పట్ల తీర్చుకున్న రుణం.

ఆ కొడుకు చేసిన పనిలో ఇప్పటివారు నేర్చుకోవలసింది చాలా ఉంది. తండ్రి పోయాక పాటలు తాటాకు మీదే ఉండనివ్వలేదు, నిలిచే వస్తువు మీదికి మార్చాడు. ఏది ఎవరిదో, ఏ రాగమో పేరు వేశాడు. పంపకానికి అందని చోట పెట్టాడు. చేయలేనిది ఒక్కటే. పాడే గొంతును నిలపలేకపోయాడు. ఆయన కాలంలో గొంతును పట్టి ఉంచే యంత్రం లేదు.

మన పల్లెల్లో కూడా చిన్న చిన్న భండారాలు ఉన్నాయి. భజన గురువు చేతిరాత పుస్తకం, హరికథకుడి కట్ట, చెక్కభజన పాటలు, పండరి భజన పదాలు, వీధినాటకం ప్రతులు, పాతికేళ్ళ కిందట జాతరలో రికార్డు చేసిన క్యాసెట్లు. పెద్దాయన పోయిన పదకొండో రోజు ఇల్లు సర్దేటప్పుడు పట్టా కాగితాలు పెట్టెలోకి పోతాయి. పాటల పుస్తకం అటక మీదికో, ఉప్పర చిక్కానికో, పాతకాగితాలవాడి తక్కెడలోకో పోతుంది. క్యాసెట్టు టేపు పిల్లలకు ఆట వస్తువవుతుంది.

పెద్దాయన ఉండగానే ఆయనను అడిగితే ఏది ఎవరికి చేరాలో చెబుతాడు. పుస్తకం మీద ఆయన పేరు, గురువు పేరు, ఊరు, రాగమో తాళమో రాయించుకోవచ్చు. నకలు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి గుడిలోనో బడిలోనో గ్రంథాలయంలోనో పెట్టవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన చేత పాడించి గొంతు పట్టి ఉంచవచ్చు. పెదతిరుమలాచార్యుడికి దొరకని ఆ వసతి ఇవాళ ప్రతి ఇంట్లో సెల్‌ఫోన్ రూపంలో ఉంది. పట్టి ఉంచాక నలుగురు పిల్లలకు నేర్పాలి. తలుపు వేసిన భండారం పాటను బతికిస్తుంది కానీ పాడించలేదు.

ఫాల్గుణ బహుళ ద్వాదశి వచ్చినప్పుడు తాళ్ళపాకలో అన్నమయ్యకు పూలదండ పడుతుంది. ఆ దండలో ఒక పువ్వు తండ్రి పాటను రాగికెక్కించిన పెదతిరుమలయ్యకు కూడా చెందుతుంది.